మబ్బులకు విత్తనాలు చల్లే సముద్రం

ప్రపంచంలోకెల్లా శుభ్రమైన గాలి ఎక్కడ దొరుకుతుంది? హిమాలయాల్లో కాదు. ఆస్ట్రేలియాకు దక్షిణాన టాస్మేనియా దీవిలోని ఓ కొండ కొమ్మున. ఆ గాలిని 1976 నుంచీ రాత్రీ పగలూ పరీక్షిస్తూనే ఉన్నారు. సముద్రం ఊరికే అలలు కొట్టదనీ, ఊపిరి వదులుతుందనీ, ఆ ఊపిరి మబ్బుల దాకా వెళుతుందనీ చెప్పిన చోట్లలో అదొకటి. ఓసారి అక్కడికి వెళ్లొద్దామా!

ముందు ఓ ప్రపంచపటం తీసుకోండి. ఆస్ట్రేలియా కింద, కాస్త కుడివైపుగా, చెట్టు నుంచి రాలిన ఆకులాంటి చిన్న దీవి కనిపిస్తుంది. అదే టాస్మేనియా. దాని ఎడమవైపు పై మూలన వేలు పెట్టి, అలాగే పడమటికి జరుపుకుంటూ పోండి. ఏం తగులుతుంది? నీళ్లు. ఇంకాస్త పోతే? మళ్లీ నీళ్లే! ఆఫ్రికా ఖండం పైనే ఉండిపోతుంది. సుమారు 17 వేల కిలోమీటర్లు దాటితే గానీ అర్జెంటీనా ఒడ్డు రాదు. దారిలో ఊళ్లు లేవు, ఫ్యాక్టరీలు లేవు, లారీలు లేవు. ఆ దూరమంతా దొర్లుకుంటూ వచ్చిన గాలి మొట్టమొదట ముఖానికి కొట్టేది ఇక్కడే. ఈ మూల పేరు కేప్ గ్రిమ్.

నల్లరాతి కొండ నిట్టనిలువుగా సముద్రంలోకి దిగుతుంది. సముద్ర మట్టానికి 94 మీటర్ల ఎత్తున, అంచు మీద ఓ తెల్లని భవనం. దాని పక్కన గాలిని పీల్చే గొట్టాలు కట్టిన పొడవాటి స్తంభం. చుట్టూ పచ్చగడ్డి, దూరంగా మేస్తున్న ఆవులు, తీరం వెంట 60కి పైగా గాలిమరలు. దక్షిణార్ధ గోళంలో 40 నుంచి 50 డిగ్రీల అక్షాంశాల మధ్య వీచే పడమటి గాలులకు నావికులు ‘గర్జించే నలభైలు’ అని పేరు పెట్టుకున్నారు. ఆ గర్జన వినడానికి ఇక్కడ చెవులు రిక్కించాల్సిన పనిలేదు. బలంగా వీచే రోజున గాలికి ఎదురుగా నిలబడి మాట్లాడితే మన మాట మనకే వినిపించదు.

కారవాన్‌లో మొదలై...

ఈ పరిశోధన కేంద్రం పుట్టుక చాలా నిరాడంబరం. 1976లో నాసా వాడి వదిలేసిన ఓ కారవాన్‌ను తెచ్చి కొండ మీద నిలబెట్టి, అందులోనే పరికరాలు పెట్టి పని మొదలుపెట్టారు. 1981కి పక్కా భవనం వచ్చింది. ఆస్ట్రేలియా వాతావరణ శాఖ దీన్ని నడుపుతుంటే, ఆ దేశపు శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ శాస్త్రవేత్తలు తోడుగా నిలుస్తున్నారు.

ఇక్కడ ఏ గాలి పడితే ఆ గాలిని లెక్కలోకి తీసుకోరు. నైరుతి, పడమర దిక్కుల నుంచి వచ్చిన గాలికే ‘బేస్‌లైన్’ హోదా. అంటే మనిషి చెయ్యి దాదాపు పడని గాలన్నమాట. ఏడాదిలో అలాంటి గాలి వీచేది సుమారు మూడోవంతు సమయమే. గాలి ఉత్తరానికి తిరిగితే సముద్రం అవతల మూడొందల కిలోమీటర్ల దూరంలో ఉన్న మెల్‌బోర్న్ నగరం పొగ ఇక్కడిదాకా వచ్చేస్తుంది. పరికరాలు వెంటనే పసిగడతాయి.

మన ఇళ్లలో ఆవకాయ జాడీలో పెట్టి దాచినట్టు, వీళ్లు గాలిని దాస్తారు! 1978 నుంచీ ఏటా కొన్ని స్టీలు ట్యాంకుల్లో ఇక్కడి గాలిని నింపి భద్రపరుస్తున్నారు. అవి మెల్‌బోర్న్ శివారు యాస్పెండేల్‌లో ఉన్నాయి. రేపెప్పుడో ఒక కొత్త వాయువు గురించి అనుమానం వస్తే, పాత ట్యాంకు తెరిచి ‘ఇది అప్పుడు ఉందా, లేదా?’ అని చూసుకోవచ్చు. 2014లో ఓజోన్ పొరను దెబ్బతీసే నాలుగు కొత్త వాయువులు బయటపడటానికి ఈ నిల్వే అక్కరకొచ్చింది. కేంద్రం మొదలైనప్పుడు ఇక్కడి గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లకు సుమారు 330 పాళ్లు. 2016 మే నెలలో అది 400 దాటింది. ఎక్కడో మనం కాల్చిన బొగ్గు, పెట్రోలు... ఎవరూ లేని ఈ మూలకూ చేరిందన్న సంగతి ఆ అంకెలే చెబుతున్నాయి.

ఆ పేరు వెనక...

‘గ్రిమ్’ అంటే భయం గొలిపేది, కళ తప్పినది అని అర్థం. 1798 డిసెంబరులో మాథ్యూ ఫ్లిండర్స్, జార్జ్ బాస్ అనే నావికులు ‘నార్‌ఫోక్’ అనే చిన్న ఓడలో ఇటుగా వచ్చి ఈ కొండకు ఆ పేరు పెట్టారు. టాస్మేనియా ఆస్ట్రేలియాకు అతుక్కుని లేదనీ, అదో దీవనీ రుజువు చేసింది ఆ ప్రయాణమే.

ముప్పై ఏళ్లు తిరిగేసరికి ఆ పేరు మరో రకంగా నిజమైంది. 1828 ఫిబ్రవరిలో గొర్రెల పెంపకానికి వచ్చిన వాన్ డీమెన్స్ లాండ్ కంపెనీ కాపర్లు ఇక్కడి ఆదివాసులపై తుపాకులు పేల్చారు. సుమారు 30 మంది చనిపోయారని అప్పటి కథనాలు చెబుతున్నాయి. శవాలను ఈ కొండ మీంచే కిందికి తోసేశారట. ఆ ఆదివాసులు ఈ చోటును పిలుచుకున్న పేరు ‘కెన్నావుక్’. 2021లో ప్రభుత్వం ఆ పేరును కూడా అధికారికంగా చేర్చింది. ఇప్పుడు కేంద్రం బోర్డు మీదా రెండు పేర్లూ ఉంటాయి. ప్రపంచంలోకెల్లా శుభ్రమైన గాలి వీచే చోటు చరిత్ర మాత్రం అంత శుభ్రమైనది కాదు.

సముద్రం వాసన ఎక్కడిది?

బీచ్‌కి వెళ్లగానే ముక్కుకు తగిలే ఆ వాసన మీకు తెలుసు కదా! ‘ఉప్పు గాలి’ అంటాం. నిజానికి ఉప్పుకు వాసన లేదు. చేపల రేవులో వచ్చే నీచు వాసన వేరు, ట్రైమిథైలమైన్ లాంటి పదార్థాలది. సముద్రపు గాలికి ఆ ప్రత్యేకమైన వాసన తెచ్చే వాటిలో ముఖ్యమైనది డైమిథైల్ సల్ఫైడ్ అనే వాయువు. పొట్టిగా డీఎంఎస్. క్యాబేజీ ఉడుకుతున్నప్పుడు వంటింట్లో వచ్చే వాసనలోనూ ఇది ఉంటుంది.

సముద్రంలో కంటికి కనిపించనంత చిన్న మొక్కలు కోట్లకు కోట్లు తేలుతుంటాయి. వృక్ష ప్లవకాలు అంటారు. ఉప్పునీళ్లలో బతకాలంటే ఒంట్లో నీరు బయటికి పోకుండా కాపాడుకోవాలి. అందుకని వీటిలో చాలా రకాలు గంధకం ఉన్న ఓ పదార్థాన్ని తమలో తయారు చేసి దాచుకుంటాయి. ఏ చిన్న పురుగో వీటిని నమిలినప్పుడో, వైరస్ సోకి చచ్చినప్పుడో ఆ పదార్థం నీళ్లలో కలుస్తుంది. బ్యాక్టీరియా దాన్ని విడగొడితే డీఎంఎస్ పుడుతుంది. పుట్టినదాంట్లో ఎక్కువ భాగాన్ని నీళ్లలోని సూక్ష్మజీవులే తినేస్తాయి. మిగిలిన కాస్తే గాలిలోకి తప్పించుకుంటుంది. ఆ ‘కాస్త’ ఎంతో తెలుసా? ప్రపంచంలోని సముద్రాలన్నీ కలిపి ఏటా దాదాపు 2.8 కోట్ల టన్నుల గంధకాన్ని ఈ రూపంలో గాలిలోకి వదులుతున్నాయని 2011లో వేసిన అంచనా. మనం బొగ్గు, చమురు కాల్చి వదిలేది ఇంతకంటే ఎక్కువే. కానీ అది ఎక్కువగా నేల మీది సంగతి. ఈ దక్షిణ సముద్రం మీద పెత్తనం ప్లవకాలదే.

ఈ వాసన మనకు సరదా. సముద్ర పక్షులకు మాత్రం భోజనం గంట! డీఎంఎస్ వస్తోందంటే అక్కడ ప్లవకాలను ఎవరో తింటున్నారని, అంటే తమకూ మేత ఉందని అర్థం. అంటార్కిటికా వైపు పెట్రెల్ జాతి పక్షులు ఈ వాసన పట్టుకునే వేటకు వెళతాయని 1995లో శాస్త్రవేత్తలు రుజువు చేశారు. విషాదమేమిటంటే, సముద్రంలో నానిన ప్లాస్టిక్ ముక్కలకూ ఇదే వాసన అంటుకుంటుందని 2016లో తేలింది. పాపం, ఆ పక్షులు ప్లాస్టిక్‌ను ఎందుకు మింగుతాయో ఇప్పుడు అర్థమైందిగా!

ఒక ఓడ... రెండు రహస్యాలు

ఈ వాయువు సంగతి లోకానికి చెప్పినాయన బ్రిటన్‌కు చెందిన జేమ్స్ లవ్‌లాక్. అప్పట్లో శాస్త్రవేత్తలకు ఓ చిక్కు లెక్క ఉండేది. నదులు నేల మీది గంధకాన్ని కడిగి సముద్రంలో పోస్తూనే ఉంటాయి. మరి నేలకు తిరిగి ఇస్తున్నదెవరు? 1971 చివర్లో లవ్‌లాక్ తను సొంతంగా తయారు చేసుకున్న పరికరం పట్టుకుని ‘షాకిల్‌టన్’ అనే పరిశోధన ఓడ ఎక్కాడు. వేల్స్ నుంచి అంటార్కిటికా వైపు సాగిన ఆ ప్రయాణంలో సముద్రపు నీటిలో డీఎంఎస్ కనిపించింది. బాకీ తీరుస్తున్నది ఆ వాయువేనని 1972లో ప్రకటించారు.

అదే ప్రయాణంలో మరో సంగతీ బయటపడింది. ఫ్రిజ్‌లలో, స్ప్రే డబ్బాల్లో వాడే సీఎఫ్‌సీ వాయువు నడిసముద్రంలోనూ ఉంది! ఆ కొలతలు చూశాకే అవన్నీ చివరికి ఏమవుతున్నాయన్న ప్రశ్న మొదలై, 1974లో మొలీనా, రోలాండ్‌లు ఓజోన్ పొరకు ముప్పు ఉందని చెప్పారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం వచ్చింది. ఆ తర్వాత సీఎఫ్‌సీలు తగ్గడం మొదలైన సంగతిని నమోదు చేసిన కేంద్రాల్లో కేప్ గ్రిమ్ ఒకటి. లవ్‌లాక్ తన 103వ పుట్టినరోజున, 2022 జులై 26న కన్నుమూశారు.

ఆకాశంలో వంట

గాలిలోకి చేరిన డీఎంఎస్ ఎక్కువ కాలం ఉండదు. ఒకటి రెండు రోజులే. సూర్యకాంతి, ఓజోన్, నీటి ఆవిరి కలిసి హైడ్రాక్సిల్ అనే చురుకైన పదార్థాన్ని తయారు చేస్తాయి. గాలికి అదే సబ్బు. కనిపించిన మురికినల్లా కడిగేస్తుంది. అది డీఎంఎస్‌ను పట్టుకుని సల్ఫర్ డయాక్సైడ్‌గా, మీథేన్ సల్ఫోనిక్ ఆమ్లంగా మారుస్తుంది. సల్ఫర్ డయాక్సైడ్ కాస్తా సల్ఫ్యూరిక్ ఆమ్లమై, కంటికి కనిపించని రేణువులుగా గడ్డకడుతుంది.

అసలు కథ ఇక్కడే. నీటి ఆవిరికి తనంతట తాను చినుకు కావడం చేతకాదు. కూర్చోవడానికి దానికో పీట కావాలి. ఆ పీటలే ఈ రేణువులు. ఊళ్ల మీద దుమ్మూ పొగా ఉంటాయి కాబట్టి పీటలకు కొదవలేదు. నడిసముద్రంలో అలల నుంచి ఎగిరిన ఉప్పు, ప్లవకాలు పంపిన ఈ గంధకమే దిక్కు.

పీటలు పెరిగితే ఏమవుతుంది? ఒకే గిన్నె పిండితో బోండాలు వేస్తే పది, పునుగులు వేస్తే యాభై వస్తాయి. మబ్బులోనూ అంతే. ఉన్న నీరు ఎక్కువ రేణువులకు పంచుకుంటే బిందువులు చిన్నవవుతాయి, సంఖ్య పెరుగుతుంది. అలాంటి మబ్బు మరింత తెల్లగా మెరుస్తుంది. ఎండను ఎక్కువగా తిప్పికొడుతుంది. కింద సముద్రం చల్లబడుతుంది.

ప్లవకాలు ఎండను తట్టుకోలేక తమకు తామే గొడుగు పట్టుకుంటున్నాయా? 1987లో ఛార్ల్‌సన్, లవ్‌లాక్, ఆండ్రే, వారెన్ అనే నలుగురు శాస్త్రవేత్తలు సరిగ్గా ఈ మాటే అన్నారు. సముద్రం వేడెక్కితే డీఎంఎస్ పెరుగుతుంది, మబ్బులు తెల్లబడతాయి, భూమి చల్లబడుతుంది... ఇస్త్రీపెట్టెలో థర్మోస్టాట్‌లా అన్నమాట. నలుగురి పేర్లలోని మొదటి అక్షరాలు కలిపి దీన్ని ‘క్లా’ సిద్ధాంతం అంటారు.

కొండ మీద తీర్పు

ఎంత అందమైన ఊహ! కానీ నిజమో కాదో తేల్చేదెలా? మనిషి పొగ కలవని గాలి కావాలి. ఏళ్ల తరబడి కొలతలు కావాలి. అందరి కళ్లూ కేప్ గ్రిమ్ మీద పడ్డాయి.

మీథేన్ సల్ఫోనిక్ ఆమ్లం ఇలాంటి గాలిలో డీఎంఎస్ నుంచే వస్తుంది. కాబట్టి అది వేలిముద్ర లాంటిది. అక్కడి వేసవి అంటే మనకు డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలలు. ఆ రోజుల్లో ప్లవకాలు విరగబడి పెరుగుతాయి. ఆ వేలిముద్రా పెరుగుతుంది. మబ్బు విత్తనాలైన రేణువులూ వేసవిలో పెరిగి, చలికాలంలో తగ్గుతాయి. రెండూ జంటగా నడుస్తున్నాయని ఎయర్స్, గ్రాస్ అనే శాస్త్రవేత్తలు 1991లో ఇక్కడి కొలతలతోనే చూపించారు. సిద్ధాంతంలో సగం నిజమని తేలినట్టే.

మరి మిగతా సగం? అక్కడే పేచీ వచ్చింది. మబ్బు విత్తనాల్లో సముద్రపు ఉప్పుకూ, నురగలోని సేంద్రియ పదార్థాలకూ పెద్ద వాటా ఉందనీ, సముద్రం వేడెక్కినంత మాత్రాన ఈ గొలుసు అంత బలంగా లాగదనీ 2011లో క్విన్, బేట్స్ అనే ఇద్దరు వాదించారు. 2020లో మరో మలుపు. నాసా విమానాల్లో కొలతలు తీస్తే డీఎంఎస్‌లో దాదాపు మూడోవంతు అంతకుముందు గాలిలో ఎవరూ చూడని ఓ పదార్థంగా మారుతోందని తెలిసింది. అది రేణువుగా మారకముందే మబ్బులు చాలావరకు తాగేస్తున్నాయని 2021లో మరో పరిశోధన చెప్పింది.

కాబట్టి సముద్రం మబ్బులకు విత్తనాలు చల్లుతున్న మాట నిజం. మనం వేడి పెంచుకుంటూ పోతే అదే చల్లబరిచి పెడుతుందన్న భరోసా మాత్రం లేదు. మన తప్పుకు సముద్రం గొడుగు పడుతుందని చేతులు ముడుచుకుని కూర్చోవడానికి వీల్లేదన్నమాట.

అయినా ఈ కొలతలు ఇప్పుడే ఎక్కువ అవసరం. మనిషి వదిలే పొగ మబ్బుల్ని ఎంత మార్చిందో చెప్పాలంటే, మనిషి లేనప్పుడు మబ్బులు ఎలా ఉండేవో తెలియాలి. ఫ్యాక్టరీలు పుట్టకముందటి ఆకాశానికి దగ్గరి పోలిక దొరికేది ఇలాంటి చోటే. వాతావరణాన్ని అంచనా వేసే కంప్యూటర్ నమూనాలు దక్షిణ సముద్రం మీది మబ్బుల్ని సరిగా పట్టుకోలేక, అక్కడ ఎండను ఎక్కువ చేసి చూపించేవి. ఆ లోపం సరిదిద్దడానికే 2018లో హోబర్ట్ నుంచి విమానాలు, ఓడలతో పెద్ద పరిశోధన జరిగింది. 2024లో అమెరికా ఇంధన శాఖ పరికరాలు ఈ కొండ మీదికే వచ్చాయి. మరోపక్క 2020 జనవరి 1 నుంచి ఓడల ఇంధనంలో గంధకం పరిమితిని 3.5 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గించారు. ఊపిరితిత్తులకు అది మంచి కబురు. కానీ మనిషి గంధకం తగ్గేకొద్దీ మబ్బుల్లో సముద్రం వాటా ఎంతన్నది మరింత ముఖ్యమైన ప్రశ్న అవుతుంది.

ఓజోన్‌ను తినే గాలి

కేప్ గ్రిమ్‌లో మరో వింత ఉంది. హైదరాబాద్ లాంటి నగరాల్లో ఎండ ముదిరేకొద్దీ నేలకు దగ్గరగా ఓజోన్ పెరుగుతుంది. వాహనాల పొగ, ఎండ కలిస్తే వచ్చే ఫలితమది. ఇక్కడి శుభ్రమైన గాలిలో తద్విరుద్ధం. వేసవి పగళ్లలో ఎండ కాసేకొద్దీ ఓజోన్ తగ్గుతుంది! పొగ లేనిచోట ఎండ దాన్ని తయారు చేయడానికి బదులు విరగ్గొడుతుంది.

సముద్రం కూడా ఇందులో ఓ చెయ్యి వేస్తుంది. నాచుమొక్కలు, ప్లవకాలు బ్రోమిన్, అయోడిన్ ఉన్న వాయువులను వదులుతాయి. ఓజోన్ తగిలితే సముద్రపు నీరే అయోడిన్‌ను గాలిలోకి విడుదల చేస్తుంది. ఆఫ్రికాకు పడమట కేప్ వెర్డీ దీవుల్లో, నమూనాలు చెప్పిన దానికంటే దాదాపు 50 శాతం ఎక్కువ ఓజోన్ మాయమవుతోందని 2008లో తేలింది. కారణం ఈ రెండే. ఐర్లండ్ పడమటి తీరంలోని మేస్ హెడ్ దగ్గరైతే, ఆటుపోట్లలో నీరు వెనక్కి తగ్గి నాచు బయటపడగానే గాలిలో కొత్త రేణువులు కుప్పలుగా పుట్టుకొస్తాయి. అవి అయోడిన్ రేణువులని 2002లో కనిపెట్టారు.

మన సముద్రం మాటేమిటి?

ఇదంతా ఎక్కడో దక్షిణాన జరిగే సంగతి అనుకోకండి. మనదేశంలో ఈ పని చేసే జాతీయ సముద్ర అధ్యయన సంస్థ 1966లో ఏర్పడింది. ప్రధాన కార్యాలయం గోవాలో, ఓ ప్రాంతీయ కేంద్రం మన విశాఖపట్నంలో ఉన్నాయి. హిందూ మహాసముద్రంలో డీఎంఎస్ ఎంతుందో మనవాళ్లూ కొలిచారు. ఇంకో వాయువు విషయంలోనైతే ప్రపంచమే ఇటు తిరిగి చూసింది. అది నైట్రస్ ఆక్సైడ్. ఆస్పత్రుల్లో మత్తుకు వాడే ‘లాఫింగ్ గ్యాస్’ అదే. నైరుతి రుతుపవనాల వేళ పడమటి తీరంలో అడుగునీరు పైకి వస్తుంది. అందులో ప్రాణవాయువు అడుగంటుతుంది. అప్పుడక్కడి బ్యాక్టీరియా ఈ వాయువును పెద్దఎత్తున తయారు చేస్తుంది. పొలాల్లోంచి కొట్టుకొచ్చే ఎరువులతో ఇది మరింత పెరుగుతున్నట్టుందని 2000లో ఎస్.డబ్ల్యు.ఎ.నఖ్వీ బృందం చెప్పింది. వందేళ్ల లెక్కన చూస్తే ఈ వాయువు కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 270 రెట్లు ఎక్కువ వేడి పుట్టిస్తుంది. పైగా ఆకాశంలో పైకి చేరి ఓజోన్ పొరనూ తింటుంది. పొలంలో మనం అవసరానికి మించి చల్లిన ఓ గుప్పెడు యూరియా ఎంత దూరం ప్రయాణించగలదో చూశారా!

వెళ్లాలంటే...

మెల్‌బోర్న్ నుంచి విమానంలో బర్నీ పట్టణానికి దగ్గర్లోని విన్‌యార్డ్ చేరుకోవచ్చు. జీలాంగ్ నుంచి రాత్రి ఓడ ఎక్కి తెల్లారేసరికి డెవన్‌పోర్ట్‌లో దిగొచ్చు. అక్కడి నుంచి పడమటికి తీరం వెంట రోడ్డు ప్రయాణం. దారిలో స్టాన్లీ ఊళ్లో ‘ది నట్’ అనే 143 మీటర్ల అగ్నిశిల గుట్ట మీదికి చెయిర్‌లిఫ్ట్ ఉంది. పిల్లలకు సరదాగా ఉంటుంది. తర్వాత స్మిత్‌టన్. కేప్ గ్రిమ్ కేంద్రం ప్రైవేటు పశుక్షేత్రం అవతల ఉంది కాబట్టి అనుమతి లేకుండా వెళ్లలేం. ఏం ఫర్లేదు. కాస్త దక్షిణాన ఆర్థర్ నది సముద్రంలో కలిసేచోట ‘ప్రపంచపు అంచు’ అనే పేరుతో చూడ్డానికి వీలైన చోటు ఉంది. అదే సముద్రం, అదే గాలి. ఉన్ని దుస్తులు, గాలి చొరని కోటు తప్పనిసరి. డిసెంబరు నుంచి మార్చి మధ్య అయితే చలి కాస్త తక్కువ.

అంత దూరం వెళ్లలేకపోతే విశాఖ రామకృష్ణా బీచ్‌కో, సూర్యలంకకో, మైపాడుకో వెళ్లండి. అలల మీంచి వచ్చే గాలిని గుండెల నిండా పీల్చమని పిల్లలకు చెప్పండి. ‘ఆ వాసనేంటి నాన్నా?’ అని అడిగితే చెప్పడానికి ఇప్పుడు మీ దగ్గర పేరుంది. దాని వెనక ఓ మబ్బు కథా ఉంది.